డాలరు గుర్తుకు ముందున్న జాగా

సభకు నమస్కారం. కమాండ్లు టైప్ చేసే విండో అయిన టెర్మినల్‌ను రంగులతో, థీములతో అందంగా తీర్చిదిద్దుకోవడం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఇక్కడికి వచ్చేముందు మీ ల్యాబ్‌లో పది నిమిషాలు తిరిగాను. నలుగురైదుగురి తెరల మీద రాకెట్ బొమ్మలు, బాణపు ములుకుల్లాంటి పట్టీలు, అయిదారు రంగులు కలిసిన ప్రాంప్టులు కనిపించాయి. ప్రాంప్ట్ అంటే మనం కమాండ్ కొట్టడానికి ముందు టెర్మినల్ చూపించే వరుస. మిగిలినవాళ్లవి ఉబుంటు అనే లినక్స్ ఎలా ఇచ్చిందో అలాగే ఉన్నాయి. రెండు రకాల వాళ్లనూ ఒకే ప్రశ్న అడిగాను: "ఈ వరుస మీకు ఏం చెబుతోంది?" ఎవరూ వెంటనే బదులు చెప్పలేకపోయారు. అందుకని ఈ పూట అలంకారం గురించి చెబుతూనే, ఎక్కువసేపు ఆ ప్రశ్న దగ్గరే ఉండాలని అనుకుంటున్నాను.

నేను 20 ఏళ్లుగా సర్వర్లను చూసుకునే ఉద్యోగంలో ఉన్నాను. చేరిన రెండో ఏడాది ఒక శుక్రవారం సాయంత్రం నా ముందు రెండు టెర్మినల్ విండోలు తెరిచి ఉన్నాయి. ఒకటి పరీక్షల కోసం పెట్టుకున్న సర్వరుది, రెండోది ఖాతాదారులు వాడుతున్న అసలు సర్వరుది. రెండింటిలోనూ నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలే. రెండు యంత్రాల పేర్లకూ చివరి అంకె ఒక్కటే తేడా. పరీక్ష సర్వరులో పాత ఫైళ్లు తీసేద్దామని కమాండ్ కొట్టాను, కొట్టింది మాత్రం రెండో విండోలో. ఎంటర్ నొక్కాక ప్రాంప్ట్ రావలసినంత త్వరగా రాకపోయేసరికి అనుమానం వచ్చి పేరు చూసుకున్నాను. అప్పటికే పని అయిపోయింది. ఆ రాత్రి బ్యాకప్ నుంచి ఫైళ్లు వెనక్కి తెచ్చుకోవడంతోనే తెల్లవారింది.

తప్పు నాదే. ప్రాంప్ట్ ఆ రోజు అబద్ధం చెప్పలేదు, యంత్రం పేరు అక్కడే ఉంది. కానీ రోజుకు వందలసార్లు ఎదురుపడే వరుసను కన్ను చదవడం మానేస్తుంది. రంగును మాత్రం చదవనవసరం లేకుండానే పట్టుకుంటుంది. బస్టాండులో నిలబడ్డవాళ్లు దూరం నుంచి వస్తున్న బస్సు బోర్డు ఇంకా కనబడకముందే, ఒంటి రంగు చూసి అది పల్లెవెలుగో ఎక్స్‌ప్రెస్సో చెప్పేస్తారు కదా, అదే సంగతి. సోమవారం ఆఫీసుకు వెళ్లగానే చేసిన మొదటి పని, అసలు సర్వరు ప్రాంప్టుకు ఎర్రటి పట్టీ వేయడం. అది ఈనాటికీ ఉంది.

ఈ వరుస ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం చెప్పుకుందాం. మొదట్లో టెర్మినల్ అంటే తెర కాదు, కాగితం. 1963లో వచ్చిన టెలిటైప్ మోడల్ 33 లాంటి యంత్రాలు సెకనుకు 10 అక్షరాలు కాగితం మీద కొట్టేవి. మీ ల్యాబ్‌లో నేను చూసిన ప్రాంప్టుల్లో కొన్ని 40 అక్షరాలకు పైనే ఉన్నాయి. ఆ యంత్రం మీద ఒక్కొక్క కమాండ్‌కూ ముందు 4 సెకన్లు టకటకమంటూ అదే కొట్టుకునేది. ప్రాంప్ట్ ఒక్క గుర్తుతో సరిపెట్టుకోవడానికి ఇంతకంటే వేరే కారణం వెతకనక్కర లేదు. మన కమాండ్లు అందుకుని నడిపించే ప్రోగ్రామును షెల్ అంటారు. 1979లో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఏడో కూర్పుతో వచ్చిన బోర్న్ షెల్ డాలరు గుర్తును పెట్టింది, బర్కిలీలో పుట్టిన సీ షెల్ శాతం గుర్తును పెట్టింది, సర్వాధికారి అయిన రూట్‌కు మాత్రం హ్యాష్ గుర్తు. గమనించండి, ఆ ఒక్క అక్షరంలోనే ఒక హెచ్చరిక ఉంది: హ్యాష్ కనబడితే చెయ్యి జాగ్రత్త అని. నేను ఎర్ర పట్టీ వేసి చేసింది కొత్త పనేమీ కాదు, ఆ హెచ్చరికనే కొంచెం పెద్దగా రాశానంతే.

తర్వాత గాజు తెరలు వచ్చాయి. 1978లో డెక్ సంస్థ తెచ్చిన వీటీ100 టెర్మినల్‌లో వరుసకు 80 అక్షరాలు, 24 వరుసలు. దానికి రంగులు లేవు. లావు అక్షరాలు, కింద గీత, మిణుకుమనడం, నలుపు తెలుపుల తారుమారు మాత్రమే ఉండేవి. అయితే వాటిని నడిపించిన పద్ధతినే ఈ రోజుకీ మీ ల్యాప్‌టాప్‌లోని టెర్మినల్ పాటిస్తోంది. మామూలు అక్షరాల మధ్యలో ఎస్కేప్ అనే ఒక కనబడని అక్షరం పంపిస్తారు. అక్షరాలకు అంకెలిచ్చే ఆస్కీ పట్టికలో దాని అంకె 27, ఎనిమిదుల లెక్కలో రాస్తే 033. దాని వెనక ఒక చదరపు బ్రాకెట్టు, ఆ తర్వాత కొన్ని అంకెలు, చివర ఎమ్ అనే చిన్నబడి అక్షరం. అది అందుకున్న టెర్మినల్ తెర మీద ఏమీ రాయదు, రాయబోయే అక్షరాల రూపం మార్చుకుంటుంది. 31 పంపితే ఎరుపు, 32 పంపితే ఆకుపచ్చ, 0 పంపితే అన్నీ తీసేసి మామూలుకు రావడం.

ఈ అంకెలను బట్టీపట్టవద్దు, వాటిలో ఒక అందమైన లెక్క ఉంది. 30ని పక్కన పెట్టి చివరి అంకె చూడండి. ఎరుపుకు 1, ఆకుపచ్చకు 2, నీలానికి 4. పాత తెరల్లో వెలిగేవి ఈ మూడు రంగులే. ఎరుపు, ఆకుపచ్చ కలిపి వెలిగిస్తే పసుపు, ఒకటీ రెండూ కలిపితే మూడు. అందుకే పసుపు 33. ఎరుపు, నీలం కలిస్తే 5, అది ఊదా ఛాయ ఉన్న మజెంటా. ఆకుపచ్చ, నీలం కలిస్తే 6, అది సయాన్. మూడూ కలిస్తే 7, తెలుపు. ఏదీ వెలగకపోతే 0, నలుపు. మూడు దీపాలు, మూడు బిట్లు, ఎనిమిది రంగులు. అక్షరం రంగుకు 30తో, వెనక రంగుకు 40తో మొదలు పెడతారు. తర్వాత వచ్చి చేరిన, 90తో మొదలయ్యే అంకెలు ఇవే ఎనిమిదింటి కాంతివంతమైన రూపాలు. మొత్తం పదహారు.

ఇప్పుడు చేతులతో ఒక ప్రాంప్ట్ రాద్దాం. బాష్ షెల్‌లో ప్రాంప్ట్ అంతా పీఎస్1 అనే ఒక చరరాశిలో ఉంటుంది. అందులో బ్యాక్‌స్లాష్ యు అని రాస్తే మీ యూజర్ పేరు, బ్యాక్‌స్లాష్ హెచ్ అంటే యంత్రం పేరు, బ్యాక్‌స్లాష్ చిన్న డబ్ల్యూ అంటే మీరున్న ఫోల్డర్ మొత్తం దారి, పెద్ద డబ్ల్యూ అయితే చివరి ఫోల్డర్ పేరు మాత్రమే. బ్యాక్‌స్లాష్ పెట్టి డాలరు రాస్తే మామూలు యూజర్‌కు డాలరుగా, రూట్‌కు హ్యాష్‌గా అదే మారుతుంది. దీన్ని టెర్మినల్‌లో నేరుగా టైప్ చేసి చూడండి, నచ్చకపోతే విండో మూసేస్తే పోతుంది. నచ్చాక మాత్రమే మీ హోమ్ ఫోల్డర్‌లో, విండో తెరిచినప్పుడల్లా బాష్ చదివే డాట్ బాష్‌ఆర్‌సీ ఫైలు చివర రాయండి. రాసేముందు ఆ ఫైలుకు ఒక నకలు తీసి పెట్టుకోండి, మార్చిన విండోను మూయకుండా రెండో విండో తెరిచి అది పనిచేస్తోందో లేదో చూడండి. పాత విండో తెరిచే ఉంటే, ఎంత చెడగొట్టినా దాన్నుంచే బాగు చేసుకోవచ్చు.

రంగు కలిపే దగ్గరే అందరూ ఒక గోతిలో పడతారు. నేనూ పడ్డాను, కొన్ని నెలల పాటు అందులోనే ఉన్నాను కూడా. ఎస్కేప్, బ్రాకెట్టు, 31, ఎమ్ అని పీఎస్1లో పెట్టగానే ఎర్రటి ప్రాంప్ట్ వస్తుంది, సంతోషిస్తాం. ఒకరోజు పొడవాటి కమాండ్ టైప్ చేస్తుంటే అది కింది వరుసలోకి దిగకుండా, ఉన్న వరుస మొదటికే వెళ్లి ప్రాంప్ట్ మీదే అక్షరాలు పరుచుకుంటూ పోతుంది. పై బాణం నొక్కి పాత కమాండ్ తెచ్చుకుంటే దాని ముక్కలు తెర మీదే మిగిలిపోతాయి. చెరపబోతే చెరగవు, చెరిగినట్టు కనబడినవి నిజానికి ఉంటాయి. నేను ఆ రోజుల్లో కీబోర్డు పాడైందనుకున్నాను, టెర్మినల్ ప్రోగ్రామును రెండుసార్లు తీసి మళ్లీ వేశాను. అసలు కారణం లెక్కలో ఉంది. తెర ఎన్ని గడుల వెడల్పు ఉందో బాష్‌కు తెలుసు, ప్రాంప్ట్ ఎన్ని గడులు తీసుకుందో అది లెక్కపెట్టుకుని, మిగిలిన జాగా నిండగానే వరుస మారుస్తుంది. రంగు కోసం మనం పంపిన అయిదారు అక్షరాలు తెర మీద కనబడవు గాని, బాష్ వాటినీ గడులుగానే లెక్కవేసింది. ఆ లెక్క తప్పితే వరుస మారే చోటూ తప్పుతుంది. దీనికి మందు చిన్నది: ప్రతి రంగు సంకేతానికీ ముందు బ్యాక్‌స్లాష్‌తో తెరిచే చదరపు బ్రాకెట్టు, తర్వాత బ్యాక్‌స్లాష్‌తో మూసే చదరపు బ్రాకెట్టు పెట్టాలి. ఈ మధ్యలో ఉన్నది కనబడదు, లెక్కలోంచి తీసెయ్యి అని బాష్‌కు చెప్పడమన్న మాట. ఉబుంటు ఇచ్చే బాష్‌ఆర్‌సీ తెరిచి చూస్తే పీఎస్1 వరుస అంతా ఈ బ్రాకెట్లతోనే కిక్కిరిసి ఉంటుంది. వాటిని చూసి భయపడి చాలామంది ఒకటి రెండు తీసేస్తారు, దాంతో గొడవ మొదలవుతుంది.

రంగు పెట్టినచోట మళ్లీ 0 పెట్టి ఆపడం మరిచిపోకండి. మరిస్తే మీరు టైప్ చేసేదీ, కమాండ్ ఇచ్చే సమాధానమూ అన్నీ ఎర్రబడతాయి.

ఇక థీముల సంగతి. ఎరుపుకు 31 అన్నాను గాని, ఆ ఎరుపు ఏ ఎరుపో ఎవరు నిర్ణయిస్తారు? టెర్మినలే. పదహారు అంకెలూ పదహారు పేర్లు మాత్రమే. ఒక్కొక్క పేరుకూ ఏ రంగు పూయాలో టెర్మినల్ సెట్టింగులలో ఉండే పట్టిక చెబుతుంది. థీమ్ మార్చడమంటే ఆ పట్టికను మార్చడమే. 2011లో ఈథన్ షూనోవర్ ఇచ్చిన సోలరైజ్డ్, ఆ తర్వాత బాగా వ్యాపించిన డ్రాక్యులా, గ్రవ్‌బాక్స్, నార్డ్ అన్నీ ఇలాంటి పట్టికలే. ఇది గాక 256 రంగుల పద్ధతి ఉంది. పాత పదహారు, ఎరుపు ఆకుపచ్చ నీలాలకు ఆరేసి మెట్లు పెడితే వచ్చే 216, బూడిద రంగులో 24 ఛాయలు, వెరసి 256. ఇంకా ముందుకు వెళితే మూడు రంగులకూ 0 నుంచి 255 వరకూ నేరుగా అంకెలిచ్చి కోటీ అరవై ఏడు లక్షల పైచిలుకు రంగులు వాడుకోవచ్చు. నా సలహా మాత్రం ప్రాంప్టులో పాత పదహారు పేర్లనే వాడమని. వాటిని వాడితే రేపు థీమ్ మార్చినప్పుడు ప్రాంప్ట్ కూడా దానితో పాటు మారుతుంది. అంకెలతో కచ్చితమైన రంగు ఇస్తే, చీకటి థీమ్‌లో బాగున్న లేత పసుపు, ఎండలో కూర్చుని తెల్ల థీమ్ పెట్టుకున్నప్పుడు ఎక్కడుందో వెతుక్కోవాలి.

పేర్లు వాడినా చిక్కులు ఉండవని అనను. సోలరైజ్డ్‌నే తీసుకోండి. షూనోవర్ తనకు కావలసిన బూడిద ఛాయలు పెట్టడానికి చోటు చాలక, కాంతివంతమైన రంగులుండే గడుల్లో చాలావాటిని వాటికే కేటాయించాడు. ఇటు ఉబుంటు ప్రాంప్ట్‌లో యూజర్ పేరు లావు ఆకుపచ్చ. లావు అక్షరాలను కాంతివంతమైన రంగులో చూపించే అలవాటు కొన్ని టెర్మినళ్లకు ఉంది. ఈ రెండూ కలిస్తే ఆకుపచ్చ పేరు కాస్తా బూడిద రంగులోకి మారిపోతుంది. థీమ్ చెడిపోయిందని తిట్టుకునేవాళ్లను చూశాను. లావు అక్షరాలను కాంతివంతమైన రంగులో చూపించాలనే ఎంపిక సెట్టింగుల్లో ఉంటుంది, దాన్ని ఆపితే చాలు. ఇలాంటిదే ఇంకొకటి, నల్ల తెర మీద ఫోల్డర్ల పేర్లకు వచ్చే ముదురు నీలం. నా వయసు కళ్లకు అది కనబడదు. పట్టికలో ఆ నీలాన్ని ఒక్క మెట్టు తేలిక చేసుకోవడం, నా దృష్టిలో, టెర్మినల్‌కు ఎవరైనా చేసుకోగల అన్నిటికంటే ఉపయోగకరమైన అలంకారం.

మళ్లీ మొదటి ప్రశ్నకు వద్దాం: ఈ వరుస మీకు ఏం చెప్పాలి? నేనెక్కడున్నాను, ఏ యంత్రంలో ఉన్నాను, ఎవరిగా ఉన్నాను, ఇందాక కొట్టిన కమాండ్ ఫలించిందా లేదా. ఈ ఆఖరిదాన్ని చాలామంది వదిలేస్తారు. ప్రతి కమాండ్ ముగిసేటప్పుడు ఒక అంకె వదిలి వెళుతుంది. సవ్యంగా ముగిస్తే 0, లేకపోతే మరేదో. దాన్ని బట్టి డాలరు గుర్తు రంగు మార్చుకుంటే, పొడవాటి సమాధానం తెర మీద దొర్లిపోయినా, చివర ఎర్ర డాలరు చూసి ఎక్కడో తేడా వచ్చిందని తెలిసిపోతుంది. రాసేటప్పుడు ఒక్క జాగ్రత్త. ప్రాంప్ట్ వచ్చే ముందు ప్రతిసారీ నడవడానికి బాష్ ఒక చోటు ఇస్తుంది, ప్రాంప్ట్ కమాండ్ అని దాని పేరు. అక్కడ మీరు రాసే ఫంక్షన్‌లో మొట్టమొదటి వరుసలోనే ఆ అంకెను పట్టి ఒక చరరాశిలో దాచుకోవాలి. దానికి ముందు ఇంకేం నడిపినా, ఆ నడిపినదాని అంకె వచ్చి పాతదాన్ని కప్పేస్తుంది, అప్పుడు మీ డాలరు ఎప్పుడూ సంతోషంగా ఆకుపచ్చగానే ఉంటుంది.

కోడ్‌లో చేసిన మార్పుల చరిత్రను దాచే సాధనం గిట్, అందులో మీరు పనిచేస్తున్న శాఖ బ్రాంచ్. ఆ బ్రాంచ్ పేరు చూపించుకోవడం కూడా మంచిదే, దానికి గిట్‌తో పాటే ఒక చిన్న స్క్రిప్టు వస్తుంది. అయితే దాన్ని పీఎస్1లో జంట కొటేషన్ల మధ్య పెడితే, ఫైలు చదివిన క్షణాన ఒక్కసారి నడిచి ఆ పేరే శాశ్వతంగా అతుక్కుపోతుంది. ఏ ఫోల్డర్‌కు వెళ్లినా పాత బ్రాంచే. ఒంటి కొటేషన్లలో పెడితే ప్రతిసారీ కొత్తగా నడుస్తుంది. మార్పులున్నాయా లేవా అని కూడా చూపించమంటే, వేల ఫైళ్లున్న ప్రాజెక్టులో ఎంటర్ నొక్కిన ప్రతిసారీ అది అన్నిటినీ తడిమి వస్తుంది. ప్రాంప్ట్ అర సెకను ఆలస్యమైతే చెప్పలేని చిరాకు పుడుతుంది. టెలిటైప్ కాలానికి తిరిగి వెళ్లినట్టే.

తయారుగా దొరికేవి ఉండగా ఇదంతా ఎందుకని మీరు అడగవచ్చు. 2009లో రాబీ రసెల్ మొదలుపెట్టిన ఓ మై జెడ్‌ష్, రస్ట్ భాషలో రాసిన స్టార్‌షిప్ రెండూ మంచి పనితనం ఉన్నవే. 2019 నుంచి మ్యాక్‌లో జెడ్‌ష్ షెల్లే మొదట ఉంటోంది కాబట్టి మ్యాక్ వాడేవాళ్లలో చాలామంది అటే వెళతారు. వాడండి. నేను కోరేది ఒక్కటే, ముందు ఒక పది వరుసల ప్రాంప్ట్ మీ చేతులతో రాసి, ఆ తర్వాత వాడండి. లేకపోతే అది చెడిపోయిన రోజున ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలియదు. ఆ థీముల్లో బ్రాంచ్ గుర్తులు, బాణపు ములుకుల స్థానంలో ఖాళీ డబ్బాలు కనబడుతున్నాయని ఇక్కడ ఒక విద్యార్థిని అడిగింది. ఆ బొమ్మలు మామూలు ఫాంట్లలో ఉండవమ్మా. అన్ని భాషల అక్షరాలకూ అంకెలిచ్చే యూనికోడ్ పట్టికలో ఎవరికీ కేటాయించకుండా సొంత వాడకానికి వదిలేసిన చోట వాటిని పెట్టుకున్నారు, నెర్డ్ ఫాంట్స్ లాంటివి వేసుకుంటేనే కనబడతాయి. పైగా ఆ ఫాంటు వేయవలసింది మీ ముందున్న కంప్యూటర్లో, మీరు లాగిన్ అయిన సర్వరులో కాదు. సర్వరు పంపేది అంకెలే, బొమ్మ గీసేది మీ టెర్మినల్.

ప్రాంప్టులో తెలుగు పెట్టుకోవచ్చా అని కూడా అడిగారు. నాకు ఇష్టమైన ప్రశ్న. పెట్టుకోవచ్చు గాని టెర్మినల్ గడుల కాగితం లాంటిది, ఒక్కో అక్షరానికీ ఒక్కో గడి. "స్త్రీ" అనే మాట తీసుకోండి. మనకది ఒకే అక్షరం. యూనికోడ్‌లో స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిసి ఆరు, బైట్లలో 18. వెడల్పు లెక్కకట్టే పట్టిక ప్రకారం పొల్లులకూ దీర్ఘానికీ గడి లేదు, మూడు హల్లులకూ మూడు గడులు. కానీ ఒత్తులు కిందికి దిగి, తెర మీద గీసేసరికి ఆ మాట అంత వెడల్పు తీసుకోదు. కొన్ని టెర్మినళ్లు మిగిలిన గడులను ఖాళీగా వదిలేస్తాయి, కొన్ని ఒత్తులను విడదీసి చూపిస్తాయి. ఇందాక రంగుల దగ్గర చెప్పుకున్న లెక్క తప్పడమే ఇక్కడ ఇంకో దారిలో వస్తుంది. నేను చేసుకున్న ఏర్పాటు ఏమిటంటే, ప్రాంప్టును రెండు వరుసలు చేసి, పై వరుసలో తెలుగు మాట, ఫోల్డర్ దారి పెట్టి, టైప్ చేసే కింది వరుసలో డాలరు తప్ప మరేమీ లేకుండా చూసుకున్నాను. పై వరుసలో గడి అటూ ఇటూ అయినా కర్సర్‌కు ఇబ్బంది లేదు.

ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని కళ్లున్నవాళ్లు మన మధ్య ఉంటారు, ముఖ్యంగా మగవాళ్లలో. మా జట్టులో ఒకతనికి నేనెంతో ముచ్చటపడి చేసిన ఎర్ర డాలరు, ఆకుపచ్చ డాలరు ఒకేలా కనబడుతున్నాయని ఆరు నెలల తర్వాత తెలిసింది. పాపం, మొహమాటపడి చెప్పలేదు. అప్పటి నుంచి విఫలమైనప్పుడు రంగుతో పాటు ఆ అంకె కూడా చూపిస్తున్నాను, అసలు సర్వరు పట్టీ మీద రంగుతో పాటు "అసలుది" అని మాట కూడా రాశాను. రంగులే వద్దనుకునేవాళ్ల కోసం 2017లో నో కలర్ అనే ఒక ఒప్పందం వచ్చింది. ఆ పేరుతో ఒక ఎన్విరాన్‌మెంట్ చరరాశి పెట్టి ఉంటే, దాన్ని గౌరవించే ప్రోగ్రాములు రంగులు వేయవు. మీరు రేపు సొంతంగా ప్రోగ్రాములు రాసినప్పుడు దాన్ని చూడండి.

మీ ముందున్న కంప్యూటర్లలో ఇప్పుడు రెండు విండోలు తెరవండి. ఒకదాంట్లో సుడో హైఫన్ ఐ కొట్టి రూట్‌గా మారండి. రూట్ బాష్‌ఆర్‌సీ మీ ఫోల్డర్‌లో ఉండదు, రూట్ ఫోల్డర్‌లో వేరే ఉంటుంది. మీ ఫైలులో ఎన్ని రంగులు పూసినా దానికి అంటవు. ముందుగా దానికి నకలు తీసి, పీఎస్1లో వెనక రంగుకు 41 పెట్టి, బ్రాకెట్లు మరవకుండా రాయండి. అది అయ్యాక నేను ఒక్కొక్కరి దగ్గరకు వచ్చి చూస్తాను.